కుడికాలి రెండో వేలు

మళ్ళీ అక్కడే. కుడికాలి రెండో వేలి మొదట్లో మొదలై పాదం నడిమిదాకా, సూది గుచ్చినట్టు కూడా కాదు, ఎప్పుడో గుచ్చి మరిచిపోయిన సూదిని ఎవరో లోపలే నెమ్మదిగా తిప్పినట్టు. స్పందన వెంటనే ఆగలేదు. ఇంకో రెండడుగులు వేసింది, మొదటిది నమ్మలేక, రెండోది నమ్మి. తర్వాత ఎడమకాలి మీద కుంటుకుంటూ వచ్చి, ఇందాక తన చెప్పులూ, వాటి పక్కన ఒక టిష్యూ ప్యాకెట్టూ పెట్టి చోప్ చేసుకున్న బెంచీ అంచు పట్టుకుంది. ఈ ఊళ్ళో టిష్యూ ప్యాకెట్టు పెడితే ఆ చోటు నీదే, ఇంకెవరూ కూర్చోరు. తొలిసారి హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య బల్లల మీద అది చూసి పగలబడి నవ్వింది, ఆ రోజునుంచి అవసరం లేని చోట కూడా పెడుతోంది, ఖాళీ పార్కులో ఖాళీ బెంచీ మీద కూడా. ఇప్పుడు నవ్వు రాలేదు. చేతి గడియారం నొక్కి ఆపింది. ఆరు నిమిషాల నలభై సెకన్లు, ఆ పైన ఏవో చిల్లర అంకెలు. ఫ్రిజ్ మీద అంటించిన చార్టులో ఇవాళ్టి గడిలో ఉన్నది ఎనిమిది.

కూర్చుంది కానీ కాలు చూసుకోలేదు. చూస్తే వాచి ఉంటుందేమో, చూడనంతసేపూ వాచి ఉండదు కదా అని, తలెత్తి ఎదురుగా ఉన్న బ్లాకు కేసి చూసింది. పదకొండో అంతస్తు, ఎడమనుంచి మూడో కిటికీ, బయటికి చాచిన వెదురు గడ మీద రాత్రి తీయడం మరిచిన తన పసుపు చున్నీ. వంటింట్లో దీపం ఇంకా వెలగలేదు. కౌశల్ లేవలేదు. శనివారం ల్యాబుకి ఆలస్యంగా వెళ్ళొచ్చు కనక ఏడింటికి లేస్తాడు, ఏడున్నరకి రెండు ప్లాస్టిక్ సంచుల్లో కాఫీ వేలాడదీసుకుని వస్తాడు, దారం కట్టిన సంచుల్లో, స్ట్రా గుచ్చి, వర్షాకాలంలో పట్టిన చేపల్లా చెరో చేతిలో ఊపుకుంటూ. ఆ నడక చూడటానికే ఆమె శనివారం కోసం ఎదురుచూస్తుంది. ఇప్పుడు ఏడుకి పది నిమిషాలుంది. నలభై నిమిషాలు. ఈ నలభై నిమిషాల్లో ఎముక విరిగిందో లేదో తెలుసుకోవచ్చు, తెలుసుకోవడం ఎంత సులువో కూడా తెలుసు. “నీకే డౌట్ వస్తే ఒంటికాలి మీద మూడుసార్లు గెంతు. ఎముకైతే ఫస్ట్ గెంతుకే తెలుస్తుంది, షూర్ కెన్ ఫీల్ వన్ లా,” అని ఫిజియోథెరపీ అమ్మాయి ఈ ఊరి ఇంగ్లీషులో చెప్పింది, తను బఠాణీలు ఒలుస్తున్నంత తేలిగ్గా. మూడు గెంతులు. చిన్నప్పుడు తణుకులో బడి వెనకాల తొక్కుడు బిళ్ళ ఆటలో స్పందన ఇదే కుడికాలి మీద ఎనిమిది గళ్ళూ వెళ్ళి ఎనిమిది గళ్ళూ తిరిగొచ్చేది, గీత తొక్కకుండా, ఊపిరి పీల్చుకోకుండా, అందరూ “అవుట్ అవుట్” అని అరుస్తుంటే కూడా. ఆ కాలే ఇది. అదే కాలు ఇప్పుడు నేలని చూసి భయపడుతోంది. లే, గెంతు, అనుకుంది. లేవలేదు. చెట్లలో ఎక్కడో కోయిల మొదలెట్టింది, ఈ ఊరి కోయిలకి వేళాపాళా లేదు, పెద్ద గొంతు, ఒక్కో కూతా ముందుదానికన్నా పైకి వెళ్తుంది, ఇంకా పైకి, ఇంకా, ఇక పగిలిపోతుందేమో అనిపించేటంతగా. పగలడం అన్న మాట మనసులోకి రాగానే పాదం జివ్వుమంది.

ఇంత బాగుంటే ఏదో ఒకటి అవుతుందని ఆమెకి మొదట్నుంచీ తెలుసు. పెళ్ళయి తొమ్మిది నెలలు. తొమ్మిది నెలలూ ప్రతిరోజూ ఏదో ఒకటి బాగుంది. లిఫ్టులో పదకొండు నొక్కితే ఆ బొత్తాం నారింజ రంగులో వెలగడం బాగుంది, కౌశల్ దోసె తిరగేసేటప్పుడు నాలుక బయటపెట్టడం బాగుంది, కారిడార్లో ప్రతి ఇంటి ముందూ వరసగా విడిచిన చెప్పుల్లో తన చెప్పులూ అతని చెప్పులూ ఒకదానిమీదొకటి ఎక్కి ఉండటం బాగుంది. అన్నిటికన్నా ముందు, దిగిన రోజు సాయంత్రం. రైలు దిగి బుకిట్ బటోక్ స్టేషను బయటికి వచ్చారో లేదో ఆకాశం చిరిగినట్టు వాన. పెళ్ళికి కొన్న పట్టీల చెప్పులు తడుస్తాయని ఆమె వాటిని విప్పి చేతిలో పట్టుకుంది, ఆ తర్వాత ఏమైందో తెలీదు, పరిగెత్తింది. వెనక కౌశల్ రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ “స్పందూ, ఇటు కాదు, ఎడంపక్క, ఎడంపక్క” అని అరుస్తున్నాడు, ఆమె కుడిపక్కకి పరిగెత్తింది, తప్పు బ్లాకుకి, మళ్ళీ వెనక్కి. నున్నటి సిమెంటు మీద వెచ్చని నీళ్ళు. అరికాలికి ఒక్క ముల్లు లేదు, ఒక్క గాజుపెంకు లేదు. మూడేళ్ళు హైదరాబాదులో బూట్లు వేసుకుని పరిగెత్తితే ప్రతి ఏడూ సరిగ్గా పోటీకి నెల ముందు మోకాలు మొరాయించేది. ఖరీదైన బూటు, ఇంకా ఖరీదైన బూటు, మోకాలికి పట్టీ, మంచు ముక్కలు. ఆ వానలో మోకాలు ఊసే లేదు. అడుగు పడుతోందని చెవికి కూడా తెలీలేదు. తప్పు బ్లాకు కింద తడిసి ముద్దయి నిలబడి, “కౌశీ, నేనిక బూట్లు వేసుకోను,” అంది. అతను పెట్టెలు వదిలేసి నవ్వాడు. “వేసుకోకు. కానీ పద్ధతిగా చేద్దాం,” అన్నాడు.

పద్ధతి. అతను యూనివర్సిటీలో పదార్థాల అలసట మీద పరిశోధన చేస్తాడు, ఏ లోహాన్ని ఎన్నిసార్లు వంచితే బీట పడుతుందో లెక్కకట్టడం అతని ఉద్యోగం. భార్య పాదం కోసం నాలుగు రాత్రులు కూర్చుని చార్టు చేశాడు. మొదటి వారం ఒక్క నిమిషం, వారానికి ఒక్కో నిమిషం పెంచాలి, రోజు విడిచి రోజు, ఆదివారం సెలవు. రంగు పెన్నులతో గడులు, పక్కన చిన్న పాదం బొమ్మ, ఆ పాదానికి మెట్టె కూడా గీశాడు. ఆ చార్టు ఫ్రిజ్ మీద అంటించిన రోజు ఆమె దానికి ముద్దు పెట్టింది. మరి ఏమైంది? ఏమీ కాలేదు, రెండో వారంలో రెండు నిమిషాలు అయిపోయాక ఆగలేకపోయింది, అంతే. అతను ల్యాబుకి వెళ్ళాక ఇంకోసారి దిగింది. చార్టులో లేని రోజున కూడా దిగింది. ఐదు నిమిషాలు, పది, పిక్కలు రాళ్ళలా బిగుసుకుంటే వేడినీళ్ళ సీసా దొర్లించి, అతను వచ్చేలోపు మామూలుగా నడవడం అలవాటు చేసుకుని, పదిహేను, ఇరవై, ఇరవై ఐదు. సాయంత్రం పెన్ను తీసుకుని గడిలో ఉన్నదానికే టిక్కు పెట్టేది. ఐదు నిమిషాల గడికి ఒక టిక్కు. ఆరు నిమిషాల గడికి ఒక టిక్కు. అది అబద్ధమని అప్పుడు అనిపించలేదు, పండగనాడు పిండివంటల డబ్బాలోంచి ఒకటి ఎక్కువ తీసుకుని మూత పెట్టినట్టు అనిపించింది. ఆరో వారం బుధవారంనాడు, ఇరవై ఆరో నిమిషంలో, పాదంలో ఎండుపుల్ల విరిగినట్టయింది.

ఆస్పత్రి గది చల్లగా ఉంది. బల్ల మీద ప్లాస్టిక్ పాదం, ఎముకలన్నీ కనిపించేలా, ఒక్కో ఎముకకీ ఒక్కో రంగు. “ఎంత పరిగెత్తుతున్నారు?” అని డాక్టరమ్మ అడిగింది. స్పందన నోరు తెరిచేలోపే కౌశల్ ఫోను తీసి చార్టు ఫోటో చూపించాడు. ఎంత గర్వంగా చూపించాడు! “ఓన్లీ సిక్స్ మినిట్స్ డాక్టర్, ఆల్టర్నేట్ డేస్.” డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసి ఇద్దర్నీ చూసింది. ఆరు నిమిషాలకే విరిగిందంటే ఈ ప్లాను మీ ఆవిడకి ఎక్కువైంది, లేదా ఆమె ఎముకలోనే ఏదో ఉంది, అంది. ఆ క్షణం ఉందే, అది ఇప్పటికీ అక్కడే ఉంది, ఆ చల్లటి గదిలో, ఆ ప్లాస్టిక్ పాదం పక్కన. స్పందన దాని రెండో వేలి ఎముక చూస్తూ కూర్చుంది, దానికి ఆకుపచ్చ రంగు వేశారు, ఎందుకు ఆకుపచ్చ అని ఆలోచించింది, ఆలోచిస్తుండగా క్షణం దాటిపోయింది. ట్యాక్సీలో కౌశల్ ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని, “నా లెక్క తప్పింది స్పందూ. లోహం అనుకున్నాను, మనిషి అనుకోలేదు,” అన్నాడు. ఇంటికొచ్చి చార్టుని నాలుగు ముక్కలు చేశాడు. పారెయ్యలేదు, సొరుగులో పెట్టాడు. అది ఇంకా ఘోరం.

అక్కణ్ణుంచి అబద్ధం తనంతట తను నడవడం మొదలుపెట్టింది. ఆమె ఆరు వారాలు పెద్ద ప్లాస్టిక్ బూటులో టకటకలాడుతూ కుంటింది గానీ, అదేమో హాయిగా తిరిగింది. ఇరవై ఏడేళ్ళ పిల్లకి ఎముకల సాంద్రత పరీక్ష, రక్తపరీక్షలు, డి విటమిన్ చుక్కలు. అన్నీ బాగానే ఉన్నాయని రిపోర్టు రాగానే డాక్టరమ్మ మరీ ఆలోచనలో పడింది. అన్నీ బాగుండి ఇంత తక్కువకే విరగడం వింతగా ఉంది, ఇంకోసారి జరిగితే పెద్ద పరీక్షలకి పంపుతాను, అంది. తణుకులో అమ్మ ఫోనులో “మన వంశంలో ఎవరికీ లేవే ఇలాంటి గుల్ల ఎముకలు,” అని ఏడ్చి, నువ్వుల ఉండలూ రాగిపిండీ పార్సెల్ చేసింది. కౌశల్ ఆమెని బియ్యం బస్తా ఎత్తనివ్వడు, బాత్రూములో తడి ఉంటే తనే తుడుస్తాడు, రోడ్డు దాటేటప్పుడు మోచెయ్యి పట్టుకుంటాడు. ఒకరాత్రి ఆమెకి మెలకువ వస్తే పక్కన లేడు, హాల్లో కూర్చుని ఎముకల సాంద్రత మీద ఏవో పేపర్లు చదువుతున్నాడు, ఫోను వెలుతురులో ముఖం నీలంగా. చెప్పెయ్, అనుకుంది. తలుపు దగ్గర నిలబడి అతని మెడ వెనక చూసింది, క్షౌరం చేయించుకోవాల్సిన మెడ. తిరిగెళ్ళి పడుకుంది.

ఇప్పుడు రెండో చార్టు. ఇది ఆమె బతిమాలితే చేశాడు, ఒక్కో గడీ రెండుసార్లు చెరిపి రాశాడు. ఈసారి ప్రతి గడికీ కట్టుబడింది. ఒక్క సెకను ఎక్కువ లేదు. ఆ దేవుడి సాక్షిగా లేదు. మొదటి వారం ఒక్క నిమిషం పరిగెత్తి ఆగినప్పుడు ఏడుపొచ్చింది, అయినా ఆగింది. మరి ఎందుకు? ఎనిమిదో వారానికి, ఎనిమిది నిమిషాలు కూడా పూర్తి కాకుండా, అదే కాలు, అదే వేలు. వీపు మీద చెమట చల్లబడింది. నిజంగానే గుల్ల ఎముకలేమో. చెప్పగా చెప్పగా ఒంట్లోకి దిగిందేమో. డాక్టరమ్మా, అమ్మా, కౌశలూ అందరూ కలిసి నమ్మినదాన్ని ఎముక కూడా నమ్మిందేమో. ఇది పిచ్చి ఆలోచనని తెలుసు, ఇంజినీరింగు చదువుకుంది, ఎముక నమ్మదు. కాళ్ళ దగ్గర బండి గురివింద గింజలు రాలి ఉన్నాయి, ఇక్కడ సాగా అంటారు, ఎర్రగా, నున్నగా, వాన కడిగి పెట్టినట్టు. పరుగు అయ్యాక ఒక గింజ ఏరి ఇంటికి తీసుకెళ్ళి ఖాళీ ఆవకాయ సీసాలో వెయ్యడం ఆమె అలవాటు. పరుగుకి ఒకటి. దొంగ పరుగులకి కూడా వేసింది, వెయ్యకుండా ఉండలేకపోయింది, ఎంత ఎర్రగా ఉంటాయో. ఆ సీసా కిటికీలో ఎండకి మెరుస్తుంటే “బాగుంది,” అంటాడు కౌశల్, లెక్కల మనిషి, ఇంతవరకూ లెక్కపెట్టలేదు.

“ఏం పాపా, నాలుగో చుట్టు రాలేదే?”

కుమారమ్మ ఆంటీ. బెంచీకి ఎదురుగా గులకరాళ్ళ బాట ఉంది, సిమెంటులో నిలువుగా గుచ్చిన రాళ్ళు, పక్కన ఇనప కమ్మీ, పెద్దవాళ్ళు రక్తం బాగా ఆడుతుందని చెప్పులు లేకుండా దానిమీద నడుస్తారు. కుమారమ్మ ఆంటీకి డెబ్భై నాలుగు. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపునుంచి, ఇక్కడికి జలసంధి అవతల ఉన్న జోహోర్ రబ్బరు తోటకి వచ్చాడట. ఆమె కమ్మీ పట్టుకోదు, రాళ్ళమీద కూరలు కొనడానికి వెళ్తున్నట్టు నడుస్తుంది. నడుస్తూ స్పందన చుట్లు లెక్కపెడుతుంది.

“కాలు నొప్పిగా ఉందాంటీ.”

“ఎక్కడ సకిత్, ఎక్కడ నొప్పి? చూపించు.” దిగి వచ్చి పక్కన కూర్చుంది, టిష్యూ ప్యాకెట్టు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని. “కాలు నీదే గదా, దాన్ని చూడకుండా ఆ ఫ్లాట్ల కేసి చూస్తావేంది?”

“భయంగా ఉంది.”

“భయం ఉంటే కండ్లు మూసుకో. నేను చూస్తా.” ఆమె వంగి చూసింది. ముట్టుకోలేదు. “వాపు లేదు పాపా. నేను మూడు వారాలుగా చూస్తా ఉన్నా. చెప్పుదామా వద్దా అని. కొత్త పెళ్ళికూతురివి, ముసల్దానికి ఏం పనిలేదు అనుకుంటావని.”

“ఏంటాంటీ?”

“ఎడంకాలు బాగా దిగుతాది, పెనం మీద రొట్టె ఏసినట్టు. కుడికాలు దిగేప్పుడు ఈ వేలు ఇట్టా లాక్కుంటావు.” చూపుడువేలు కొక్కెంలా వంచి చూపించింది. “భూమిని గిచ్చుతా పరిగెత్తుతావు. ఎందుకు?”

“నేనా? లేదే.”

“లేదా? లే, నాలుగడుగులు నడువు. పెలాన్ పెలాన్, మెల్లగా.”

స్పందన అప్పుడు చూసుకుంది. కూర్చుని ఉండగానే, నేలకి ఆనకుండానే, రెండో వేలు వంగి ఉంది. దాన్ని చాపమని చెప్పింది. చాచింది. చాచగానే వెండి మెట్టె జారి గోరుదాకా వచ్చింది, వేలు ఆమెని అడక్కుండానే మళ్ళీ వంగి దాన్ని పట్టుకుంది. ఎప్పట్నుంచి? స్కానుకి ముందు మెట్టె తియ్యాలన్నారు. పాదం వాచి మెట్టె దిగబడిపోతే నర్సు సబ్బు రాసి, దారం చుట్టి, చివరికి చిన్న పట్కారుతో దాని నోరు విప్పింది. అంతా అయ్యాక కౌశల్ అక్కడే, ఆ ఆస్పత్రి గచ్చు మీద మోకాలు వేసి, పెళ్ళిలో సన్నికల్లు తొక్కించి తొడిగినట్టే తొడిగి, వేళ్ళతో నొక్కి మూశాడు. నర్సులు “వా, సో స్వీట్” అన్నారు. వాపు తగ్గాక మెట్టె వదులైంది. నొక్కి బిగిద్దామంటే వంగినచోట సన్నటి గీత ఒకటి కనిపించింది, ఇంకోసారి నొక్కితే విరుగుతుందని నొక్కలేదు. తీసి పక్కన పెట్టడమా, తన చేత్తో, అతను తొడిగినదాన్ని, పెళ్ళయిన ఏడాదిలోపే? ఆ ఆలోచన వచ్చినంత వేగంగా దాన్ని తరిమేసింది. అప్పుడు వేలు తన పని తను మొదలుపెట్టి ఉంటుంది. ఒక్కో అడుగుకీ పట్టుకోవడం, ఒక్కో అడుగుకీ.

“పడిపోతాదని పట్టుకుంటున్నావు,” అంది కుమారమ్మ ఆంటీ. “మా అమ్మ రబ్బరు చెట్లు గీయడానికి పొయ్యేది, చీకటి ఉండగానే. బురద. బురద మెట్టెల్ని లాగేస్తాది. రోజూ తీసి కొంగున ముడి ఏసుకొనేది, వచ్చినాక కాళ్ళు కడుక్కొని పెట్టుకొనేది. మా నాయన తొంభై యేళ్ళు బతికినాడు, సరేనా? మెట్టె తీస్తే మొగుడికి ఏమైనా ఐతాదంటే అది మా నాయనకే ముందు కావాలి.” లేచి నిలబడి టిష్యూ ప్యాకెట్టు ఉన్నచోటే పెట్టింది. “టీవీలో మాట్లాడినట్టుండే నీ తెలుగులో మీ ఆయనకి చెప్పు. కొత్తది చేయిస్తాడు. నాకు ఇంకా రెండు చుట్లున్నాయి.”

స్పందన మెట్టె తీసింది. తీస్తుంటే ఎవరో చూస్తున్నట్టుంది, పదకొండో అంతస్తు కిటికీలోంచి అమ్మా అత్తగారూ పెళ్ళికొచ్చిన ముత్తయిదువలంతా తలలు బయటపెట్టి చూస్తున్నట్టు. కిటికీలో దీపం వెలిగింది. కౌశల్ లేచాడు. మెట్టె అరచేతిలో పెట్టుకుంది, పంచదార పలుకంత బరువు కూడా లేదు. వేలు నేలమీద చాచింది. తడి సిమెంటు చల్లగా తగిలింది. ఇదేనా, ఇంతేనా? ఎముక కాదేమో. రోజంతా గుప్పిట బిగించిన చెయ్యి నొప్పెట్టదూ, అలాంటిదేనేమో. ఆశ పుట్టేసరికి భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది, ఇందాక పోవడానికేమీ లేదు, ఇప్పుడు ఉంది. గెంతి చూడు. మూడు గెంతులు. నొప్పి లేకపోతే అతను వచ్చేసరికి నవ్వుతూ కూర్చోవచ్చు. కాఫీ తాగొచ్చు. మెట్టె సంగతి చెప్పొచ్చు, నవ్వుతాడు, కొత్తది చేయిస్తాడు. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఇంకేమీ చెప్పక్కర్లేదు అనుకోగానే ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది, ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయిని చూసి ఆమె హడలిపోయింది. నొప్పికి కాదు, పెద్ద పరీక్షలకి కాదు. ఇలాగే ముప్పై ఏళ్ళు గడిచిపోతాయి కదా అని. ముప్పై ఏళ్ళు అతను ఆమె మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు, సొరుగులో నాలుగు ముక్కలు పెట్టుకుని, తన లెక్కే తప్పిందని నమ్ముతూ. ఆమె ఆ చెయ్యి పట్టుకుని దాటుతుంది. అలవాటైపోతుంది. వేలికి అలవాటైనట్టే, పట్టుకుంటున్నానని కూడా తెలీకుండా. గెంతితే తెలిసిపోతుంది. తెలిసిపోతే, కాలు బాగుంటే, చెప్పదు. తన సంగతి తనకి తెలుసు. గెంతకముందే చెప్పాలి.

ఏడున్నరకి ఇంకా పన్నెండు నిమిషాలు. ఎప్పుడూ శనివారాలు ఇంత పొడుగ్గా లేవు. తూర్పున బ్లాకుల మధ్య ఆకాశం నిమ్మచెక్కలా తెల్లబడింది. రెండు అడవికోళ్ళు, ఒక పుంజూ ఒక పెట్టా, ఇక్కడివాళ్ళు ముట్టుకోరని తెలిసిన ధీమాతో బాట దాటాయి, మామూలుగా అయితే ఆమె వాటికి గుడ్ మార్నింగ్ చెబుతుంది. ఏమని మొదలుపెట్టాలి? కౌశీ, నీకో తమాషా చెప్పనా? కాదు. కౌశీ, కోప్పడనని ఒట్టెయ్. కాదు, ఒట్టు అడిగే హక్కు లేదు. బ్లాకు కింద చావడిలో, కాఫీ కొట్టు వైపునుంచి ఆకుపచ్చ టీషర్టు కనిపించింది. రెండు చేతుల్లో రెండు కాఫీ సంచులు. ఊపుకుంటూ వస్తున్నాడు. ఆమె బాట మీద కాకుండా బెంచీ మీద ఉండటం దూరంనుంచే చూశాడు, ఊపడం ఆగింది, అడుగు పెరిగింది, పరుగైంది, కాఫీ చిమ్మి ముంజేతుల మీద పడుతోంది.

“మళ్ళీనా? ఎక్కడ? ఎనిమిది వద్దనుకున్నాను, ఏడు దగ్గర ఆపుదామనుకున్నాను, ఛ, మళ్ళీ నా...”

“నీ లెక్క కాదు.”

“మరి?”

“కూర్చో. నేను గెంతి చూడాలి. గెంతేముందు చెప్పాలి, తర్వాత చెప్పలేను.” టిష్యూ ప్యాకెట్టు పక్కకి జరిపింది. “పోయినసారి ఆరు నిమిషాలు కాదు. ఇరవై ఆరు.”

అతను కూర్చున్నాడు. సంచులు ఇంకా రెండు చేతుల్లోనే ఉన్నాయి. “ఆ రోజా?”

“రోజూ. ఆదివారాలు తప్ప.”

“ఆదివారాలు ఎందుకు తప్ప?”

“నువ్వు ఇంట్లో ఉంటావుగా.”

కోయిల మళ్ళీ మొదలెట్టి, పైకి పైకి వెళ్ళి, ఆగిపోయింది. కౌశల్ కాఫీ కేసి చూస్తున్నాడు. ఎడమచేతి సంచిలోది ఆమెది, చక్కెర తక్కువ, గుర్తుకోసం ఎర్ర స్ట్రా.

“ఆ నెలంతా నేను నిద్రపోలేదు స్పందూ.”

“తెలుసు.”

“తెలుసా?”

కావాలంటే సీసాలో గింజలు లెక్కపెట్టు, పరుగుకి ఒకటి, అని మాత్రం చెప్పింది, చెప్పాక అది ఎంత అల్పంగా వినిపించిందో తెలిసింది. ఆమె అతని ముంజేతి మీద కాఫీ మరక ఎండటం చూసింది, తుడవడానికి చెయ్యి చాచలేదు. ఇతను లేచి వెళ్ళిపోతే తను ఈ బెంచీ మీద ఇలాగే ఉంటుంది, చెప్పుల పక్కన, టిష్యూ ప్యాకెట్టు పక్కన.

“డాక్టర్‌కి చెప్పాలి,” అన్నాడు చివరికి. “నీ కేసు ఏదో మీటింగులో చర్చిస్తానంది ఆవిడ. మీ అమ్మకి నువ్వే చెప్పుకో. నేను చెప్పను.”

“నేనే చెబుతా.”

“నువ్వుల ఉండలు మాత్రం ఆపమనకు.” నవ్వలేదు. తర్వాత ఆమె పాదం చూశాడు. “మెట్టె ఏది?”

అరచెయ్యి తెరిచింది. వేలు పట్టుకోవడం, వదులవడం, కుమారమ్మ ఆంటీ వాళ్ళ అమ్మ కొంగు, అన్నీ కలగాపులగంగా చెప్పింది. అతను మెట్టె తీసుకుని వెలుతురుకి ఎత్తి వంగినచోట గీత చూశాడు, ఉద్యోగం చేసే కళ్ళతో చూశాడు. “ఇది పోయింది,” అని రుమాలు చివర ముడేసి జేబులో పెట్టుకున్నాడు. “గెంతు.”

“భయంగా ఉంది.”

“నాకూ.”

చెయ్యి ఇస్తాడనుకుంది. ఇవ్వలేదు, పక్కన నిలబడ్డాడు, పడితే అందేంత దూరంలో. స్పందన ఎడమకాలు ఎత్తింది. బాట అంతా ఆగి చూస్తున్నట్టుంది, కుమారమ్మ ఆంటీ రాళ్ళమీదే నిలబడిపోయింది. గెంతింది. పాదం నేలకి తగిలింది, వేలు చాచుకుని, మొత్తం పాదం. నొప్పి ఉంది. ఉంది, కానీ అడుగున, వేలి కింద మెత్తటిచోట, నులిపెట్టినట్టు, పైన ఎముక మీద కాదు. ఎండుపుల్ల కాదు. నమ్మలేదు. రెండోసారి. అడుగునే. మూడోది గెంతేటప్పుడు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, దిగి, అలాగే నిలబడింది.

“చెప్పు.”

“కిందే ఉంది. పైన లేదు.”

“సోమవారం చూపిద్దాం. అంతవరకూ ఒక్క అడుగు పరిగెత్తవు.”

“పరిగెత్తను.”

“నేను ల్యాబుకి వెళ్ళాక?”

“పరిగెత్తను కౌశీ.”

అతను ఎర్ర స్ట్రా ఉన్న సంచి ఆమెకిచ్చాడు. సగమే మిగిలింది, అదీ చల్లారింది. తను బెంచీకి ఆ చివర కూర్చుని ఫోను తీశాడు, అందులో తను దాచుకున్న చార్టు నకలు తెరిచాడు. వేలు ఇవాళ్టి గడి మీద ఆగింది. ఎంతసేపు పరిగెత్తావని ఇదివరకెప్పుడూ ఆమెని అడగలేదు. సాయంత్రం ఆమె పెట్టే టిక్కు చూసి రాసుకునేవాడు.

“ఎంత?”

“ఆరు నిమిషాల నలభై సెకన్లు.”

అతను ఫోను మీంచి తల ఎత్తకుండా చెయ్యి చాచాడు. ఆమెకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత గడియారం విప్పి ఆ చేతిలో పెట్టింది. కౌశల్ గడియారం చూశాడు. నొక్కి వెనక్కి వెళ్ళి, మొన్నటిదీ, అంతకుముందుదీ, మూడు వారాల కిందటిదీ చూశాడు. ఒక్కోదాన్నీ చార్టుతో పోల్చాడు. ఆమె కాఫీ తాగకుండా ఆ ఎర్ర స్ట్రాని పట్టుకుని కూర్చుంది, ఈసారి అన్నీ సరిపోతాయని తెలిసి కూడా ఊపిరి బిగబట్టి. కుమారమ్మ ఆంటీ మళ్ళీ రాళ్ళమీద నడక మొదలుపెట్టింది.

“నలభై పాయింట్ ఎనిమిది,” అన్నాడు. “నలభై ఒకటి వేస్తున్నా.”

“వెయ్యి,” అంది స్పందన.